పేపరుకెక్కని గొడవ ఖరీదెంత?

ఒక గనిలో వంద రూపాయల బంగారం ఉందనుకోండి. తవ్వకం ఖర్చు, కూలీ, యంత్రాలు, వడ్డీ అన్నీ పోగా నికరంగా మిగిలే వంద. ఆ గని ఉన్న కంపెనీకి షేర్ మార్కెట్ ఎంత విలువ కట్టాలి? వందకు కాస్త అటూ ఇటూ. కానీ కట్టేది ఇరవై ఎనిమిది. మిగతా డెబ్బై రెండు ఎటు పోయినట్టు?

ఈ ప్రశ్న పట్టుకున్నది విటోల్డ్ హెనిష్. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారి వార్టన్ స్కూల్లో ప్రొఫెసర్. పరాయి దేశంలో పెట్టుబడి పెట్టిన కంపెనీకి అక్కడి రాజకీయాల వల్ల ఎంత ముప్పు, దాన్ని అంకెల్లోకి ఎలా తేవాలి అన్నదే ఆయన ఏళ్ళ తరబడి చేస్తున్న పని. సింజియానా డోరోబాంటు, లైట్ నార్టీ అనే ఇద్దరు పరిశోధకులతో కలిసి 2014లో స్ట్రాటెజిక్ మేనేజ్‌మెంట్ జర్నల్‌లో ఒక పత్రం వేశారు. షేర్ మార్కెట్లో ఉన్న 19 కంపెనీలు, వాటి చేతిలో 26 బంగారు గనులు, 1993 నుంచి 2008 దాకా కాలం. ఆ గనుల చుట్టూ ఎవరు ఎవరితో ఏమన్నారు, ఏం చేశారు అన్నది వార్తల్లోంచి ఏరారు. అధికారి మెచ్చుకున్నా, ఊరివాళ్ళు రోడ్డుకడ్డంగా కూర్చున్నా, కోర్టులో కేసు పడ్డా, అన్నీ లెక్కే. అలా 50,000కు పైగా సంఘటనలు తీసి, ఇది సహకారమా, గొడవా, ఎంత తీవ్రత అని మార్కులు వేశారు.

ఆ మార్కులు లెక్కలో కలపకముందు మార్కెట్ కోసేసిన భాగం 72 శాతం. కలిపాక మిగిలిన కోత 37 నుంచి 13 శాతం మధ్యకు దిగింది. అంటే, ఎటు పోయిందో తెలియని డబ్బులో చాలా మటుకు గని చుట్టూ ఉన్న మనుషులతో కంపెనీకి ఉన్న పొత్తు మీదా, పేచీ మీదా ఆధారపడి ఉంది. బంగారం ఎంతుందో భూగర్భ శాస్త్రవేత్త చెబుతాడు, ధర ఎంతో లండన్ మార్కెట్ చెబుతుంది. ఆ బంగారం బయటికి వస్తుందా రాదా అన్నది మాత్రం వేరే వాళ్ళ చేతిలో ఉంది.

నేను ఒడిశాలోని రాయగడలో ఉంటాను. చిన్నా చితకా వ్యాపారుల ఖాతాలు, జీఎస్టీ రిటర్నులు చూడటం నా పని. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సినిమా వచ్చిందంటే మళ్ళీ తెలుగు. మా మజ్జిగౌరమ్మ గుడి దగ్గర ఆదివారం నిలబడితే సగం బళ్ళు విజయనగరం, శ్రీకాకుళం వైపువే. మా దగ్గర బంగారం లేదు గానీ కొండల నెత్తిన బాక్సైట్ ఉంది. అల్యూమినియం తయారీకి మూలం అదే. అందుకే ఈ పత్రం నాకు ఎక్కడో అమెరికా ప్రొఫెసర్ల గొడవలా అనిపించలేదు. మొత్తుకోళ్ళూ లేకుండా, జాలీ లేకుండా, డబ్బు లెక్కలోనే ఊరివాళ్ళ మాటకు విలువ ఉందని చూపించినందుకు హెనిష్‌కు ఒక నమస్కారం. కానీ ఆ లెక్కలో ఒక పెద్ద చిల్లు ఉంది. దాని గురించే ఈ వ్యాసం.

జియోపాలిటికల్ రిస్క్, అంటే దేశాల రాజకీయాల వల్ల వ్యాపారానికి వచ్చే ముప్పు, అనగానే మామూలుగా మనకు గుర్తొచ్చేది వేరు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైంది, పొద్దుతిరుగుడు నూనె ధర ఎగిరింది. అది చాలదన్నట్టు ఏప్రిల్ ఆఖర్లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది, మే నెలలో మళ్ళీ వదిలింది. మా బజార్లో హోల్‌సేల్ కొట్టువాళ్ళు పొద్దున ఒక రేటు, సాయంత్రం ఒక రేటు చెప్పిన రోజులవి. ఆ టెన్షన్ అందరికీ కనబడింది, అందరి టీవీల్లోనూ వచ్చింది. కనబడే రిస్క్‌తో పెద్ద పేచీ లేదు. ధరలో కలిపేస్తారు, మనం కడతాం.

కనబడనిది మాట్లాడుకుందాం.

మా జిల్లా కాశీపూర్ వైపు ఉత్కల్ అల్యూమినా అని ఒక ప్రాజెక్టు 1990ల్లో మొదలైంది. అందులో నార్వే కంపెనీ నార్స్క్ హైడ్రో భాగస్వామి, కెనడా కంపెనీ ఆల్కన్ భాగస్వామి. భూములు పోతాయని ఊళ్ళు అడ్డం తిరిగాయి. 2000 డిసెంబర్ 16న మైకంచ్ గ్రామంలో పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు ఆదివాసీలు చనిపోయారు. మరుసటి ఏడాది నార్స్క్ హైడ్రో తప్పుకుంది. 2007లో ఆల్కన్ కూడా అమ్ముకుని వెళ్ళిపోయింది. ఆఖరికి హిండాల్కో ఒక్కటే ప్లాంటు కట్టి నడుపుతోంది. నార్వేలో వాటాదారుడికి కాశీపూర్ ఎక్కడుందో తెలిసింది ఆ కాల్పుల తర్వాతే అయ్యుంటుంది.

రెండో కథ ఇంకా పెద్దది. నియమగిరి కొండ మీద బాక్సైట్ కోసం, అప్పట్లో లండన్ షేర్ మార్కెట్లో ఉన్న వేదాంత కంపెనీ పక్క జిల్లా కలహండిలో, లాంజిగఢ్ దగ్గర, కొండ కిందే రిఫైనరీ కట్టేసింది. గనికి అనుమతి రాకముందే కట్టింది. ఇక్కడ ఎవరైనా అడుగుతారు, ముడిసరుకు చేతికి రాకుండా అంత డబ్బు ఎలా పోశారని. వస్తుందన్న ధీమా. 2007లో నార్వే ప్రభుత్వ పెన్షన్ నిధి నైతిక కారణాలు చెప్పి ఈ కంపెనీలో పెట్టుబడి ఉపసంహరించుకుంది. 2010 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ చర్చి తన షేర్లు అమ్మేసింది. ఆ ఆగస్టులో కేంద్రం అటవీ అనుమతి నిరాకరించింది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, కొండ మీద తమ హక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలంది. ఒడిశాలో వాటిని పల్లి సభలంటారు. రాష్ట్ర ప్రభుత్వం పన్నెండు ఊళ్ళు ఎంచింది, ఏడు మా రాయగడ జిల్లాలో, ఐదు కలహండిలో. జూలై 18 నుంచి ఆగస్టు 19 దాకా సభలు జరిగాయి. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం ఆ ఫైలు మూసేసింది.

హెనిష్ ఆ బంగారు గనుల పత్రానికి చాలా ముందే, 2000 ప్రాంతంలో, దేశాల మీద ఇంకో కొలత తయారుచేశారు. ప్రభుత్వం ఇచ్చిన మాట మార్చాలంటే ఎంతమంది ఒప్పుకోవాలి అన్నది దాని సారం. ఒక్కడే కూర్చుని రాత్రికి రాత్రి నియమం మార్చేయగల దేశంలో పెట్టుబడికి ముప్పు. రెండు సభలు, కోర్టులు, రాష్ట్రాలు ఎవరికి వారు అడ్డం పడగల దేశంలో మాట అంత తేలిగ్గా మారదు గనుక ముప్పు తక్కువ. తెలివైన కొలత, ఆ రంగంలో వాళ్ళు విరివిగా వాడేదీ. అయితే నియమగిరిలో జరిగింది చూడండి. ప్రభుత్వం మాట మార్చి గని ఆపలేదు. అటవీ హక్కుల చట్టం 2006 నుంచీ ఉంది. ఆదివాసీ ప్రాంతాలకు ప్రత్యేక రక్షణ ఇచ్చే ఐదో షెడ్యూలు రాజ్యాంగం పుట్టినప్పటి నుంచీ ఉంది. ఆ కాగితం మీద ఉన్నది ఒకసారి నిజంగా అమలైంది, అంతే. కంపెనీ భాషలో రిస్క్ అంటే చట్టం మారిపోవడం. మా దగ్గర రిస్క్ అయి కూర్చున్నది చట్టం పనిచేయడం. ఆ కొలత కట్టింది అడ్డుపడే సంస్థల్ని లెక్కించడానికి. అడ్డుపడే పల్లి సభకు అందులో గడి లేదు.

బంగారు గనుల పత్రంలో ఆయన ఈ లోటు చాలావరకు పూడ్చారు. పార్లమెంటు దిగి గని దగ్గరకు వచ్చారు. కాకపోతే వచ్చింది వార్తల మీదుగా.

ఇప్పుడు చాటికొన సంతకు రండి. బిస్సం కటక్ దగ్గర, బుధవారం జరిగే సంత. నియమగిరి మీద ఉండే డోంగ్రియా కోంధు ఆదివాసీలు పొద్దున్నే దిగుతారు. ఆడవాళ్ళకు ముక్కున మూడు పోగులు, జడలో వరసగా క్లిప్పులు, కొందరి కొప్పులో చిన్న కత్తి. కావళ్ళ మీదా, నెత్తి మీదా పసుపు, అల్లం, అనాస, అరటి, కాలాన్ని బట్టి పనస. దారి మలుపులోనే కొనేవాళ్ళు కాటాలు పట్టుకుని ఎదురెళ్తారు, సంతలోకి వచ్చేదాకా ఆగితే సరుకు వేరేవాడి పాలవుతుందని. బేరం వాళ్ళ భాష కువిలో మొదలై ఒడియాలోకి జారి, కోపం వచ్చినప్పుడు తెలుగులో ముగుస్తుంది. మా మావయ్య ఆ సంతలో ముప్పై ఏళ్ళ పైచిలుకు పసుపూ చింతపండూ కొన్నాడు.

మావయ్య దగ్గర ఎర్ర అట్ట పొడుగు పుస్తకం ఉండేది. పేజీకో ఊరు. మనుషుల పేర్లు పెద్దగా ఉండవు, ఊరి పేరు, ఆ పక్కన ఇచ్చిన అడ్వాన్సు, దాని కింద వచ్చిన సరుకు కిలోలు, చెల్లు అయితే అడ్డగీత. వానాకాలంలో చేతిలో డబ్బు ఆడనప్పుడు అడ్వాన్సు ఇస్తాడు, పసుపు ఎండాక సరుకుగా తీసుకుంటాడు. ఇదేమీ దానధర్మం కాదు, సరుకు చేతికొచ్చేనాటికి రేటు చెప్పేది ఆయనే. అది వేరే వ్యాసం. నేను చెప్పదలచుకున్నది ఆ పుస్తకంలో 2004 తర్వాత వచ్చిన మార్పు. కొన్ని ఊళ్ళ పేజీలు ఖాళీ అవుతూ వచ్చాయి. పాత బాకీలు గట్టిగా రాబట్టుకున్నట్టు అడ్డగీతలు, ఆ కింద కొత్త అడ్వాన్సు లేదు. ఖాతాలు సర్దుతూ నేను అడిగాను, ఈ ఊళ్ళకేమైంది, పంట పోయిందా అని.

"పంటకేటి, నిక్షేపంలా ఉంది. సర్వేవోళ్ళ జీపులెళ్ళే దారి అది అల్లుడూ. ఆ దారంట ఊళ్ళకి అరువు లేదు" అన్నాడు.

ఇంకా కదిపితే చెప్పుకొచ్చాడు. కొన్ని ఊళ్ళకు ఆయన ఇవ్వడం మానేశాడు. కొన్ని ఊళ్ళు తామే తీసుకోవడం మానేశాయి. మగవాళ్ళు పొలం పనికి కాకుండా మీటింగులకు నడుస్తున్నారు, సరుకు ఇస్తామని మాటిచ్చి నిలబెట్టుకోలేమేమో అని వాళ్ళకే అనుమానం. ఒక ఊళ్ళో పెద్దమనిషి ఈయనతో, వచ్చే ఏడాది కొండ ఎవరిదో తెలిశాక మాట్లాడుకుందాం అన్నాడట. అల్యూమినియం గురించి, లండన్ షేర్ల గురించి మావయ్యకు ఏమీ తెలియదు. కానీ ఆ ఏడు ఆయన ఆ కొండ మీద పెట్టుబడి తగ్గించుకున్నాడు. మార్కెట్ 72 కోసినట్టే ఈయనా కోశాడు. తేడా ఏమిటంటే, మావయ్య కోసిన ఐదారేళ్ళకు గానీ నియమగిరి ప్రపంచం పేపర్లలో పడలేదు.

ఎందుకు పడలేదో ఇక్కడ ఉన్నవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. డోంగ్రియాలు మాట్లాడేది కువి. ఆ భాషలో దినపత్రిక లేదు. ఒడియా పత్రికకు భువనేశ్వర్ రాజధాని, రాయగడ చివరి పేజీ. తెలుగు పత్రికల జిల్లా ఎడిషన్ పార్వతీపురం దాటి రెండడుగులు వేస్తే ఆగిపోతుంది, ఎందుకంటే ఒడిశాలో తెలుగువాళ్ళ వార్త చదివేవాళ్ళుంటారు గానీ ప్రకటనలిచ్చేవాళ్ళు ఉండరు. ఇంగ్లిషు విలేకరి రావాలంటే ఏదో ఒకటి పేలాలి. దాంతో ఒక ఊళ్ళో ఏడాది పొడుగునా రాత్రిళ్ళు మంట చుట్టూ కూర్చుని జరిగిన మాటలు సున్నా సంఘటనలు. లండన్‌లో కంపెనీ వార్షిక సమావేశం బయట రంగులు పూసుకుని నిలబడితే ఒక సంఘటన. కాల్పులు జరిగితే పది పేపర్లు, పది సంఘటనలు.

ఏ ఊరి పేరు పేపర్లో లేదో ఆ ఊరు డేటాలో ప్రశాంతంగా కనిపిస్తుంది. గొడవ మార్కు లేదు, సహకారం మార్కూ లేదు. రిస్క్ లెక్కలు కట్టేవాడు ఆ ఖాళీని చూసి ఏమనుకుంటాడు? ఏమీ లేదనుకుంటాడు. మైకంచ్‌కు ముందు రోజు అలాగే అనుకుని ఉంటారు.

దీనికి ఒక జవాబు ఉందని నాకు తెలుసు. ఆ 26 గనులూ షేర్ మార్కెట్ కంపెనీలవి, వాటి మీద విలేకరుల కన్ను మామూలుగానే ఎక్కువ, కాబట్టి వార్తలు సరిపోతాయి అంటారు. పైగా వాళ్ళు కొలిచేది మార్కెట్ వేసే విలువని. మదుపుదారుడికి తెలిసేదీ పేపర్లో వచ్చిందే కదా. ఈ రెండో మాట గట్టిది, ఒప్పుకుంటాను. మార్కెట్ ఏమనుకుంటుందో కొలవడానికి వార్తలు చాలు. ప్రమాదం ఎక్కడ పేరుకుంటోందో కొలవడానికి చాలవు. హెనిష్ స్వయంగా కంపెనీలకు చెప్పేది ముందే దిగి, స్థానికులతో సంబంధం పెంచుకోమని. మంచి సలహానే. కానీ ఆ సలహా ఎప్పుడు పాటించాలో గంట కొట్టి చెప్పే సాధనం మాత్రం ఆలస్యంగా మోగుతుంది.

పంకజ్ ఘెమావత్ అని ఇంకో బిజినెస్ ప్రొఫెసర్ ఉన్నారు. ప్రపంచం చదునైపోయిందన్న మాటతో గట్టిగా పేచీ పడిన మనిషి. 2001లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసంలో దూరాన్ని నాలుగు ముక్కలు చేశారు: సంస్కృతీ భాషల దూరం, పాలనా దూరం, నేల దూరం, ఆర్థిక దూరం. ఆయన లెక్కలు ప్రధానంగా దేశానికీ దేశానికీ మధ్యన. చాటికొన సంత నుంచి కొండ మీద ఊరికి నడిచి చూడండి, కొద్ది మైళ్ళలో నాలుగూ తగులుతాయి. పాలనా దూరం ఇంకా విచిత్రంగా చూడాలంటే కోరాపుట్ జిల్లా కొటియాకు వెళ్ళండి. ఇరవై ఒక్క ఊళ్ళు, ఆంధ్రా మావంటుంది, ఒడిశా మావంటుంది, కేసు సుప్రీంకోర్టుకు చేరి అర్ధ శతాబ్దం దాటింది. 2021లో అక్కడ కొన్ని ఊళ్ళలో ఆంధ్రా పంచాయతీ ఎన్నికలు పెట్టేసింది కూడా. రెండు ప్రభుత్వాలూ పోటీపడి పథకాలిస్తే జనం రెండూ పుచ్చుకుంటారు, ఎందుకు మానాలి? దేశం మొత్తానికి ఒకే రిస్క్ మార్కు వేసే రేటింగు కంపెనీలవాళ్ళు ఒక్క పూట కొటియాలో భోజనం చేస్తే బావుణ్ణు.

ఇవన్నీ చెబుతుంటే మా తోడల్లుడు ఒప్పుకోడు. ఆయన ప్లాంటుకు లారీలు తిప్పుతాడు. "అన్నయ్యా, నువ్వు రాసుకుంటావ్ బాగానే ఉంది, మరి ఉద్యోగాలు ఎవరిస్తారు, సంతలో పసుపు అమ్ముకుని ఎన్నాళ్ళు?" అంటాడు. న్యాయమైన ప్రశ్నే. ఇక్కడ కాంట్రాక్టులు, క్యాంటీన్లు, లారీలు, కిరాణా సరఫరా, వీటిలో తెలుగువాళ్ళ వాటా చిన్నదేమీ కాదు. కానీ ఆయన ప్రశ్నకూ నా ప్రశ్నకూ పోటీ లేదు. గని మంచిదా చెడ్డదా అని నేను అడగడం లేదు. వద్దనేవాళ్ళు ఉన్నారని ముందే తెలుసుకోగలిగి ఉంటే, కొండ కింద అంత డబ్బు పోసి ముడిసరుకు కోసం దిక్కులు చూసే పరిస్థితి వచ్చేదా అని అడుగుతున్నాను. లారీలకూ అదే మేలు.

దిక్కులు చూడటం అంటే ఊరికే అన్నమాట కాదు. నియమగిరి చేజారాక లాంజిగఢ్ రిఫైనరీకి బాక్సైట్ వేరే రాష్ట్రాల నుంచీ, పశ్చిమ ఆఫ్రికాలోని గినియా నుంచీ కూడా తేవాల్సి వచ్చింది. అదే గినియాలో 2021 సెప్టెంబర్‌లో సైన్యం అధ్యక్షుణ్ణి దించేసింది. ఆ వార్తకే లండన్‌లో అల్యూమినియం ధర పదేళ్ళలో లేనంత ఎత్తుకు పోయింది. నెత్తి మీద కొండ ఉండగా సముద్రం అవతల సైన్యం ఏం చేస్తుందో చూసుకోవాల్సిన గతి! ఇంటి దగ్గర రిస్క్ వదిలిపోయిందనుకుంటే అది పెద్దదై ఓడెక్కి వచ్చింది. గినియా తిరుగుబాటు గురించి రిపోర్టులు రాసిన వాళ్ళలో ఆ ఓడ ఎందుకు బయల్దేరాల్సి వచ్చిందో వెనక్కి వెళ్ళి రాసినవాళ్ళు నాకు కనబడలేదు.

ఇప్పుడు సిజిమాలి. కాశీపూర్ వైపు, రాయగడ కలహండి జిల్లాల మీద పరుచుకున్న కొండ. 2023లో వేలంలో అక్కడి బాక్సైట్ వేదాంతకే దక్కింది. ఆ ఏడాదే అరెస్టులు జరిగాయి, అక్టోబర్‌లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, గొడవ పేపర్లలోనూ వస్తోంది. అంటే డేటా తయారవుతోంది. పదేళ్ళ తర్వాత ఎవరో దీన్నీ మార్కులు వేసి పట్టికలో పెడతారు.

నన్నడిగితే ఆ పట్టిక పక్కన ఇంకో గడి ఉండాలి: అరువు. ఆ కొండ చుట్టూ ఉన్న సంతల్లో ఏ ఊరికి అడ్వాన్సు నడుస్తోంది, ఏ ఊరికి ఆగింది, ఎప్పుడు ఆగింది, ఆపింది షావుకారా, ఊరా. షావుకారు ఆపితే ఒక అర్థం, ఊరే వద్దంటే ఇంకో అర్థం, రెండోది ఎక్కువ గట్టిది. చింతపండు, పసుపు, ఇప్పపువ్వు కొనేవాళ్ళు ప్రతి సంతలోనూ ఓ పది మంది దొరుకుతారు. వర్షం పడకపోయినా అడ్వాన్సు ఆగుతుంది, నిజమే, దాన్ని పక్కూళ్ళతో పోల్చి తీసేయొచ్చు. ఆ మాత్రం లెక్కలు వార్టన్ వాళ్ళకు నేను చెప్పాలా. ఇంగ్లిషు రానవసరం లేదు, శాటిలైటు అక్కర్లేదు. కువి వచ్చిన మనిషి ఒకడు, ఒడియా తెలుగు వచ్చిన మనిషి ఒకడు, ఏడాది పాటు సంతలు తిరిగే ఓపిక ఉంటే చాలు.

ఎవరైనా పీహెచ్‌డీ విద్యార్థి దీన్ని సీరియస్‌గా తీసుకుంటే ఒక్క జాగ్రత్త. షావుకారు దగ్గరకు వెళ్ళగానే పుస్తకం అడక్కండి. ముందు టీ తాగండి, మీదే ఊరు, మీరెవరి తాలూకా అన్న ప్రశ్నలకు జవాబు చెప్పండి, రెండు వారాలు ఊరికే కూర్చుని తూకాలు చూడండి. మొదటి రోజే పుస్తకం తీయమంటే మిమ్మల్ని ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళనుకుంటారు.